కెమెరా అలారం మోగితే ఎవరు లేవాలి? షాపుకీ ఇంటికీ అలర్ట్‌లు సెట్ చేసుకునే పద్ధతి

సీసీ కెమెరాలు ఉన్న ఏ షాపాయన ఫోన్ అయినా తీసి చూడండి, కెమెరా యాప్ నోటిఫికేషన్లు ఆఫ్‌లో ఉంటాయి. ఎందుకండీ అంటే "రాత్రంతా టింగు టింగుమంటూనే ఉంటుంది, పిల్లి దాటినా మోగుద్ది, గాలి వీచినా మోగుద్ది, ఎవడు చూస్తాడు" అంటారు. ఆయన తప్పేం లేదు. బిగించిన కుర్రాడు ఫోన్లో లైవ్ వస్తోందని చూపించి డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు, అలారం జోలికి ఎవరూ పోలేదు, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండిపోయింది. ఇక దొంగతనం జరిగిన మర్నాడు అందరూ మానిటర్ చుట్టూ చేరి ఫుటేజీ చూస్తారు. మంకీ క్యాప్ పెట్టుకున్నవాడొకడు తాపీగా తాళం కోసి, షట్టర్ లేపి, గల్లాపెట్టె ఖాళీ చేసుకుని పోవడం హెచ్‌డీలో కనిపిస్తుంది. కెమెరా తన పని తాను చేసింది, కాకపోతే చూసిన సంగతి ఆ రాత్రే ఎవరికీ చెప్పలేదు.

చెప్పించడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకి ఒక ఎరువుల షాపు అనుకుందాం. ముందు రోడ్డు మీదకి షట్టర్, వెనక రేకుల గోడౌన్, పక్కన సందు, ఓనర్ ఇల్లు ఊరికి అటు చివర. 8 కెమెరాలు, వాటి వీడియో రికార్డ్ చేసే పెట్టె (దాన్నే ఎన్‌వీఆర్ అంటారు) ఒకటి. ఇంటికి పెట్టుకున్నవాళ్లకీ, పాత తరహా రికార్డర్, అంటే డీవీఆర్ ఉన్నవాళ్లకీ దాదాపు ఇదే వర్తిస్తుంది. సీపీ ప్లస్, హిక్‌విజన్, దహువా ఏది ఉన్నా మెనూలో పేర్లు కాస్త అటూ ఇటూగా ఉంటాయి గానీ లోపల వ్యవహారం ఒకటే. ఏదో జరిగిందని గుర్తించడం ఈవెంట్. ఏ టైంలో గుర్తిస్తే పట్టించుకోవాలి అన్నది ఆర్మింగ్ షెడ్యూల్. గుర్తించాక ఏం చేయాలి అన్నది లింకేజ్. ఈ మూడూ ఒక్కో కెమెరాకి విడివిడిగా పెట్టాలి, "అన్నిటికీ కాపీ" బటన్ నొక్కేసి చేతులు దులుపుకుంటే మళ్లీ మొదటికే వస్తారు.

మెనూ తెరిచే ముందు కాగితం తీయండి

రాత్రి 2 గంటలకి గోడౌన్ వెనక గోడ ఎవడో దూకాడు. ఎవరి ఫోన్ మోగాలి? ఆయన ఎత్తకపోతే ఎవరిది? ఎత్తినాయన ఏం చేయాలి? ఇది తేలకుండా ఎంత ఖరీదైన ఎన్‌వీఆర్ కొన్నా దండగే. మామూలుగా జరిగేది ఏంటంటే, ఇంట్లో నలుగురి ఫోన్లలోనూ యాప్ ఉంటుంది, నలుగురూ "నాన్న చూస్తాడులే", "అన్నయ్య చూస్తాడులే" అనుకుని నిద్రపోతారు.

జరిగే సంగతుల్ని మూడు రకాలుగా విడగొట్టుకోండి. కేవలం రికార్డ్ అయితే చాలు అనేవి: పగలు షాపులో జనం తిరగడం, రోడ్డు మీద బండ్లు. తెలిస్తే మంచిది గానీ నిద్ర లేపక్కర్లేదు అనేవి: షాపు మూసేశాక ముందు మెట్ల మీద ఎవరో కూర్చోవడం, సందులోకి బండి రావడం. ఇక మూడోది, లేపి తీరాల్సినవి. ఎరువుల షాపుకి ఆ మూడో రకంలో మహా అయితే మూడు ఉంటాయి: షట్టర్ లేవడం, గోడౌన్ తలుపు తెరుచుకోవడం, వెనక గోడ దాటి మనిషి లోపలికి రావడం. అంతకంటే ఎక్కువ రాశారంటే మళ్లీ కొట్టేయండి. ఫోను నిద్ర లేపడం నెలకి ఒకటి రెండు సార్లు మించితే అది "నాన్నా పులి" కథే, అసలు పులి వచ్చిన రోజు ఎవరూ లేవరు.

ఆ మూడో రకం పక్కన పేర్లు రాయండి. మొదటి పేరు ఓనర్‌ది కానక్కర్లేదు, షాపుకి దగ్గర్లో ఉన్నవాళ్లది కావాలి. పైఅంతస్తులో అద్దెకున్నాయన, ఎదురుగా మెడికల్ షాపు వాళ్లు, వీధి వాచ్‌మన్. వాళ్లతో ముందే మాట్లాడండి. "సైరన్ వినబడితే కిందకి దిగొద్దు, బాల్కనీ లైటు వేసి ఎవరది అని అరవండి, నాకు ఫోన్ చేయండి" అని చెప్తే చాలు, ఒంటరిగా దొంగకి ఎదురెళ్లమని ఎవరికీ చెప్పొద్దు. 112కి ఫోన్ చేసేటప్పుడు చెప్పాల్సిన అడ్రసు కూడా ఆ కాగితం మీదే రాసి పెట్టుకోండి, గుర్తులతో సహా. నిద్రమత్తులో, టెన్షన్‌లో సొంత షాపు డోర్ నంబరు కూడా నోటికి రాదు.

పిల్లలు అమెరికాలో ఉండి, అమ్మానాన్నలు ఇల్లు తాళం వేసి వాళ్ల దగ్గరకి వెళ్లిన ఇళ్లలో ఇంకో చిక్కు. ఇక్కడ రాత్రి 2 అయితే అక్కడ మధ్యాహ్నం, వాళ్లు మేలుకునే ఉంటారు, ఫోన్ కూడా చూస్తారు, కానీ చూసి చేయగలిగింది ఇక్కడ ఎవరికో ఫోన్ చేయడమే. ఆ "ఎవరో" ముందే ఖాయం కావాలి, తాళం చెవి వాళ్ల దగ్గర ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని తాళం వేసిన ఇళ్ల కోసమే ఒక పద్ధతి పెట్టారు. ఊరెళ్లేముందు యాప్‌లో అడిగితే పోలీసులే వచ్చి ఇంట్లో కదలికల్ని పట్టే కెమెరా పెడతారు, లోపల ఎవరైనా కదిలితే అలారం నేరుగా కంట్రోల్ రూమ్‌కి వెళ్తుంది. సొంత కెమెరాలు ఉన్నా సరే, మీ స్టేషన్ పరిధిలో అది నడుస్తోందో లేదో ఒకసారి కనుక్కోండి.

ఊరికే మోగడం ఆపడమే సగం పని

పాత మోషన్ డిటెక్షన్ ఎలా పని చేస్తుందో తెలిస్తే అది ఎందుకు అంత పిచ్చిగా మోగుతుందో అర్థమవుతుంది. ఈ ఫ్రేముకీ ముందు ఫ్రేముకీ మధ్య ఎన్ని చుక్కలు మారాయో చూస్తుంది, అంతే. మనిషా, మేకా, ఊగే వేపకొమ్మా దానికి అక్కర్లేదు. లారీ హెడ్‌లైటు గోడ మీద పడినా చుక్కలు మారతాయి. వర్షం పడితే చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద శత్రువు సాలెపురుగు. రాత్రిపూట కెమెరా చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) లైట్లు వెలుగుతాయి కదా, ఆ వెలుగుకి పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు వచ్చి సరిగ్గా అద్దం ముందే గూడు కడుతుంది. పగలు చూస్తే ఏమీ కనబడదు. రాత్రి స్క్రీన్ మీద మాత్రం తాడంత లావున తెల్లటి గీతలు అటూ ఇటూ ఊగుతుంటాయి, దాని మీద సాలీడు నడిస్తే పిల్లంత కనబడుతుంది, బల్లి అద్దం మీదకి పాకితే ఇక మొసలే. "కెమెరా పాడైంది, రాత్రిళ్లు బొమ్మ తెల్లగా వస్తోంది" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు పొడవాటి కర్రకి కట్టిన మెత్తటి బ్రష్షే. నెలకోసారి దులపండి. ఇంకా వదలకపోతే కెమెరాలోని ఐఆర్ ఆఫ్ చేసి, నాలుగైదు అడుగులు దూరంగా విడిగా ఒక ఐఆర్ ల్యాంప్ పెడితే పురుగులు దాని దగ్గరకి పోతాయి. కెమెరాని సన్‌షేడ్‌కి మరీ ఆనించి బిగించినా ఐఆర్ వెలుగు ఆ సిమెంటుకి తగిలి వెనక్కి కొడుతుంది, దాంతో బొమ్మంతా పొగమంచు పట్టినట్టు అవుతుంది, ఒక జానెడు ముందుకి జరిపిస్తే సరి.

ఇక మెనూలోకి వెళ్దాం. మీ ఎన్‌వీఆర్‌లో గానీ కెమెరాలో గానీ మనిషినీ బండినీ గుర్తుపట్టే సౌకర్యం ఉందేమో చూడండి. హిక్‌విజన్‌లో దాన్ని అక్యూసెన్స్ అంటారు, దహువాలో ఎస్‌ఎండీ అంటారు. ఉంటే మామూలు మోషన్‌ని అలర్ట్ కోసం వాడటం మానేయండి, రికార్డింగ్‌కి మాత్రమే ఉంచండి. డీవీఆర్‌లో అయితే ఈ గుర్తుపట్టే పని కొన్ని మోడళ్లలో అన్ని చానళ్లకీ (అంటే అన్ని కెమెరాలకీ) రాదు, రెండో నాలుగో చానళ్లకే ఇస్తారు, అలాంటప్పుడు కాగితం మీద మూడో రకంలో రాసుకున్న కెమెరాలకే వాటిని కేటాయించండి. ఒక్కో కెమెరా మార్చడం కంటే మొత్తానికి రికార్డర్ పెట్టె ఒక్కటి కొత్తది మార్చడం చవకేమో కూడా లెక్కేసుకోండి.

తర్వాత గీతలు. లైన్ క్రాసింగ్ అంటే మీరు స్క్రీన్ మీద గీసిన గీతని మనిషి దాటితే ఈవెంట్. ఇంట్రూజన్ అంటే మీరు గీసిన గడిలో మనిషి ఇన్ని సెకన్లు ఉంటే ఈవెంట్. వెనక గోడకి గీత, గోడౌన్ ముందు ఖాళీ స్థలానికి గడి. గీత గీసేటప్పుడు చాలామంది ఫ్రేము అంచుకి గీస్తారు, అక్కడ పని చేయదు, ఎందుకంటే కెమెరా ముందు ఆ మనిషిని చూసి, వెంబడించి, గీత దాటాడని తేల్చుకోవాలి, దానికి గీతకి అటూ ఇటూ కాస్త చోటు కావాలి. గోడ పైభాగాన కాకుండా దూకినవాడు కాళ్లు పెట్టే నేల మీద గీయండి. దిశ కూడా పెట్టొచ్చు, బయటినుంచి లోపలికి వస్తేనే అని పెడితే మీరు సాయంత్రం తాళం వేసి వెళ్తున్నప్పుడు మోగదు. మనిషి కెమెరా వైపు నేరుగా నడిచి వచ్చేచోట కంటే అడ్డంగా దాటేచోట గీత బాగా పని చేస్తుంది, కాబట్టి కెమెరా ఎక్కడ బిగించాలన్నది కూడా దీన్నిబట్టే ఆలోచించాలి. ఎత్తు 8 నుంచి 10 అడుగులు సరిపోతుంది, 15 అడుగుల పైన కడితే దానికి కనబడేది నడినెత్తి మాత్రమే.

రోడ్డు, పక్కింటి వాకిలి, ఊగే కొమ్మలు, జెండాలు గడిలోకి రాకుండా చూసుకోండి. పక్కింటి వాళ్ల కిటికీలు, మెట్లు కెమెరాలో పడుతుంటే ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, ఆ భాగాన్ని నల్లగా కప్పేయండి. రేపు సైరన్ మోగినప్పుడు లేవాల్సింది వాళ్లే, వాళ్లతో గొడవ పెట్టుకోవద్దు. సెన్సిటివిటీ మధ్యలో పెట్టి, ఒక వారం చూసి, అప్పుడు పెంచాలో తగ్గించాలో తేల్చండి. మినిమమ్ సైజు అని ఉంటే కుక్క కంటే పెద్దగా, మనిషి కంటే చిన్నగా ఒక డబ్బా గీయండి.

షెడ్యూల్

ఇది చిన్న పనే గానీ తప్పించుకోలేం. షాపు రాత్రి 9కి మూస్తే అలారం 10 నుంచి పెట్టండి, పొద్దున్నే 6కి తెరిస్తే 5:30కి ఆగేలా పెట్టండి. ఆదివారం, అమావాస్య, పండగలు విడిగా. ఎరువుల లోడు తెల్లవారుజామున 4కి దిగే రోజులు ఉంటాయి, ఆ రోజు హమాలీలు గోడౌన్‌లోకి అడుగుపెట్టగానే సైరన్ మోగితే వీధంతా లేచి మీకు నమస్కారం పెడతారు. దానికి యాప్‌లో డిసార్మ్ (అలారం ఆపే) బటన్ ఎక్కడుందో గుమాస్తాకి నేర్పించండి, లేదా కొన్ని ఎన్‌వీఆర్‌లలో అలారం ఇన్‌పుట్‌కి ఒక తాళంచెవి స్విచ్చి కలిపితే చెవి తిప్పగానే లింకేజ్ మొత్తం ఆగిపోయేలా పెట్టుకోవచ్చు, ఫోన్లు వాడని ముసలాయనకి అదే సుఖం.

ఎన్‌వీఆర్ గడియారం తప్పయితే షెడ్యూల్ మొత్తం తప్పే. టైం జోన్ జీఎంటీ ప్లస్ 5:30 ఉందా చూసి, ఎన్‌టీపీ ఆన్ చేసి వదిలేయండి, అదే ఇంటర్నెట్ నుంచి సరిచేసుకుంటుంది. రేపు పోలీసులకి ఫుటేజీ ఇచ్చేటప్పుడు కూడా టైం సరిగ్గా ఉంటే మీకు సగం తలనొప్పి తగ్గుతుంది.

లైటు, గొంతు, సైరన్ ఆ వరసలో

ఫోన్ మోగి, మీరు లేచి, కళ్లు నులుముకుని, యాప్ తెరిచేలోపు పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. అందుకే మొదటి స్పందన యంత్రమే ఇవ్వాలి. ఒక్కసారిగా సైరన్ వద్దు. ముందు లైటు. ఇప్పుడు వస్తున్న డ్యూయల్ లైట్ కెమెరాలు మామూలుగా ఐఆర్‌లో ఉండి, మనిషి కనబడగానే తెల్లలైటు వేస్తాయి. చీకట్లో ఉన్నవాడి మీద ఉన్నట్టుండి వెలుగు పడితే మామూలు చిల్లర దొంగ అక్కడే వెనక్కి తిరుగుతాడు, పైగా మనకి రంగుల్లో బొమ్మ వస్తుంది, చొక్కా ఏ రంగో చెప్పగలం.

తర్వాత గొంతు. స్పీకరున్న కెమెరాలో ఫ్యాక్టరీ ఇచ్చే ఇంగ్లీషు హెచ్చరిక తీసేసి, మీ గొంతుతో తెలుగులో రికార్డ్ చేసి ఎక్కించండి. "ఎవరది అక్కడ? కెమెరాలో పడ్డావ్, పోలీసులకి ఫోన్ వెళ్లింది" అని మీ యాసలో గట్టిగా అంటే లోపల మనిషి ఉన్నాడనిపిస్తుంది. ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉండాలో, ఎన్ని సెకన్లు ఉండొచ్చో కెమెరా పేజీలోనే రాసి ఉంటుంది.

సైరన్ మాత్రం మూడో రకానికే, అదీ వీలైతే రెండు సాక్ష్యాలు ఉంటేనే. అంటే కెమెరా మనిషిని చూసింది, షట్టర్ సెన్సర్ కూడా తెరుచుకుంది. ఎన్‌వీఆర్ వెనక చిన్న ఆకుపచ్చ కనెక్టర్లు ఉంటాయి, అలారం ఇన్, అలారం అవుట్ అని. చాలా షాపుల్లో అవి పుట్టినప్పటినుంచి ఖాళీగానే ఉంటాయి. ఇన్ వైపు షట్టర్‌కి మాగ్నెటిక్ సెన్సర్ కలపండి. వైరింగ్ నార్మల్లీ క్లోజ్డ్ పద్ధతిలో చేయించండి, అంటే మామూలుగా సర్క్యూట్ మూసి ఉంటుంది, తెరుచుకుంటే అలారం. అలా చేస్తే దొంగ వైరు కోసినా కూడా అలారమే. నార్మల్లీ ఓపెన్‌లో కలిపితే వైరు కోసినవాడు హాయిగా లోపలికి పోతాడు, ఎన్‌వీఆర్‌కి ఏమీ తెలియదు. మెనూలో కూడా ఆ ఇన్‌పుట్ రకం అదే ఉండాలి, లేదంటే పెట్టిన క్షణం నుంచీ తిరగబడి మోగుతుంది.

గోడౌన్ లోపల పీఐఆర్ మోషన్ సెన్సర్ పెట్టాలనుకునేవాళ్లకి ఒక మాట. అది మనిషి ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడాని పట్టుకుంటుంది. మన మే నెలలో రేకుల షెడ్డు లోపల 40 డిగ్రీలు దాటితే, మనిషి ఒంటి వేడికీ దానికీ తేడా దాదాపు ఉండదు, సెన్సర్ మందగిస్తుంది. రాత్రి కాస్త చల్లబడ్డాక నయం. పీఐఆర్‌తో పాటు మైక్రోవేవ్ కూడా ఉన్న రకం కొంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది, ఎలుకలకి మోగడం కూడా తగ్గుతుంది. బస్తాల వరస కంటే ఎత్తులో పెట్టి, బస్తాల మీద ఎలుకలు పరిగెత్తే దారి దాని కంటి ముందు పడకుండా చూడండి.

అవుట్ వైపు సైరన్. అది లోపల ఒక చిన్న రిలే మాత్రమే, స్విచ్చి లాంటిది, తనంతట తాను కరెంటు ఇవ్వదు. 12 వోల్టుల సైరన్‌కి విడిగా 12 వోల్టుల అడాప్టరో బ్యాటరీయో పెట్టి, మధ్యలో ఈ రిలేని కలపాలి. 230 వోల్టుల ఫ్లడ్‌లైటుని నేరుగా దీనికి కలపొద్దు, బోర్డు కాలిపోతుంది, మనుషులకి కూడా ప్రమాదం. లైటు వెలిగించాలంటే మధ్యలో ఇంకో పెద్ద రిలే గానీ కాంటాక్టర్ గానీ ఎలక్ట్రీషియన్ చేత వేయించండి. సైరన్ ఎంతసేపు మోగాలన్నది డిలే లేదా డ్వెల్ టైం అనేచోట పెడతారు, 60 సెకన్లు చాలు. ఆపేవాడు లేక తెల్లారేదాకా మోగిన సైరన్ని ఇరుగుపొరుగు రెండోసారి పట్టించుకోరు. సైరన్‌ని చేతికందని ఎత్తులో, షాపు ముందు ఒకటి, వీలైతే లోపల ఒకటి.

ఫోన్ నిజంగా మోగాలంటే

యాప్ నోటిఫికేషన్ రాకపోవడానికి కారణం చాలాసార్లు కెమెరా కాదు, ఫోనే. షావోమి, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లని నిద్రపుచ్చేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ కెమెరా యాప్‌కి ఆటోస్టార్ట్ ఆన్ చేయండి, బ్యాటరీ దగ్గర "పరిమితి లేదు" అని పెట్టండి, డూ నాట్ డిస్టర్బ్‌లో దానికి మినహాయింపు ఇవ్వండి. నోటిఫికేషన్ శబ్దం కూడా వాట్సాప్ శబ్దంలా కాకుండా పొడవాటిది, వినగానే గుండె దడదడలాడేది పెట్టుకోండి. ఐఫోన్ అయితే ఫోకస్, స్లీప్ మోడ్‌లలో ఆ యాప్‌ని అనుమతించిన వాటిలో చేర్చాలి. యాప్ లోపల కూడా ఒక్కో కెమెరాకి, ఒక్కో ఈవెంట్‌కి నోటిఫికేషన్ స్విచ్చి ఉంటుంది. ఎన్‌వీఆర్ మెనూలో లింకేజ్ కింద "నోటిఫై సర్వైలెన్స్ సెంటర్" అనే టిక్ ఉంటుంది హిక్‌విజన్ తరహా వాటిలో, పేరు చూసి అదేదో పోలీసులకి వెళ్తుందేమో అని జనం తీసేస్తారు, ఫోన్‌కి కబురు వెళ్లేది దాని ద్వారానే.

ఇంట్లో వాళ్లకి యాప్ ఇచ్చేటప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ పంచిపెట్టకండి, షేర్ అనే పద్ధతిలో లైవ్, అలర్ట్ మాత్రం ఇవ్వండి. గుమాస్తా మానేసిన రోజు ఒక్క నొక్కుతో తీసేయొచ్చు.

యాప్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. రెండో దారిగా ఈమెయిల్ పెట్టండి, మెయిల్‌లో స్నాప్‌షాట్ కూడా వస్తుంది, దొంగ పోతూ పోతూ ఎన్‌వీఆర్‌నే పీక్కుపోయినా (తెలివైనవాళ్లు అదే చేస్తారు) వాడి బొమ్మ మీ మెయిల్‌లో ఉంటుంది. జీమెయిల్‌కి మీ మామూలు పాస్‌వర్డ్ పని చేయదు, 2022 మే చివరినుంచి గూగుల్ ఆ దారి మూసేసింది. ఎన్‌వీఆర్ కోసం విడిగా ఒక జీమెయిల్ ఖాతా తెరిచి, దానికి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, యాప్ పాస్‌వర్డ్ తయారు చేసుకోండి, 16 అక్షరాలు ఇస్తుంది, అది ఎన్‌వీఆర్‌లో వేయాలి. సర్వర్ ఎస్ఎమ్‌టీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్ట్ 587 అయితే టీఎల్‌ఎస్, 465 అయితే ఎస్ఎస్ఎల్. టెస్ట్ నొక్కి మెయిల్ వచ్చాకే సేవ్ చేయండి. రాకపోతే ముందు ఎన్‌వీఆర్ నెట్‌వర్క్ పేజీలో డీఎన్‌ఎస్ (సర్వర్ పేరుని బట్టి దాని నెట్ అడ్రసు వెతికిపెట్టేది) ఖాళీగా ఉందేమో చూడండి, 8.8.8.8 వేస్తే చాలాసార్లు అదే పరిష్కారం.

మూడో దారి ఫోన్ కాల్. గాఢనిద్రలో ఉన్నవాడిని లేపేది నోటిఫికేషన్ కాదు, రింగే. జీఎస్ఎమ్ డయలర్ అని ఒక చిన్న పెట్టె దొరుకుతుంది, అందులో సిమ్ వేసి, నంబర్లు వరసగా ఎక్కించి, ఎన్‌వీఆర్ అలారం అవుట్‌ని దానికి కలిపితే ఒకరి తర్వాత ఒకరికి కాల్ చేస్తుంది. నెట్ లేకపోయినా పని చేస్తుంది కాబట్టి నాకు అన్నిటికంటే దీని మీదే నమ్మకం. రెండు విషయాలు చూసుకోవాలి. చవకగా దొరికేవి చాలావరకు 2జీ పెట్టెలు, జియోకి 2జీ లేదు, అందులో ఎయిర్‌టెల్ లాంటి సిమ్ వేయాలి, లేదా 4జీ పెట్టె కొనాలి. రెండోది, ఆ సిమ్‌కి రీఛార్జ్ అయిపోతే పెట్టె చడీచప్పుడు లేకుండా మూగబోతుంది, ఆ తేదీ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఎస్ఎమ్ఎస్ గేట్‌వే పెట్టుకుందామని కొందరు అడుగుతారు. మన దేశంలో దానికి డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (కంపెనీలు మెసేజ్‌లు పంపడానికి ముందు చేసుకోవాల్సిన నమోదు), టెంప్లేట్ అనుమతి అని తతంగం ఉంది, ఒక్క షాపు కోసం అంత శ్రమ వద్దు. ఓపిక ఉన్న కుర్రాళ్లు టెలిగ్రామ్ బాట్ పెట్టుకోవచ్చు, ఉచితం, ఫొటో వెంటనే గ్రూపులోకి వస్తుంది. ఇంకా ఓపికుంటే ఒక చిన్న కంప్యూటర్ మీద ఫ్రిగేట్, హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లు నడిపితే "గోడౌన్‌లో మనిషి కనబడి, షట్టర్ కూడా తెరుచుకుంటేనే కాల్ చెయ్" లాంటి షరతులు ఎన్‌వీఆర్ ఇవ్వలేనంత వివరంగా రాసుకోవచ్చు, కానీ అది పాడైన రోజు బాగుచేసేది మీరే.

ఏ కబురూ రాకపోవడం కూడా కబురే

కరెంటు పోతే, ఫైబర్ వైరు తెగితే, హార్డ్ డిస్క్ చచ్చిపోతే మీకు అలర్ట్ రాదు, అంతా ప్రశాంతంగా ఉన్నట్టే కనబడుతుంది. మెనూలో ఎక్సెప్షన్ అనే పేజీ ఉంటుంది, ఎవరూ తెరవరు. అందులో హెచ్‌డీడీ ఎర్రర్, హెచ్‌డీడీ ఫుల్, వీడియో లాస్, తప్పుడు పాస్‌వర్డ్‌తో లాగిన్ ప్రయత్నం, వీటన్నిటికీ నోటిఫికేషన్, మెయిల్ టిక్ పెట్టండి. కెమెరా మీద గుడ్డ కప్పినా, ముఖం పక్కకి తిప్పినా పట్టుకునే టాంపరింగ్ కూడా. రికార్డ్ అవుతూనే ఉందనుకున్న డిస్క్ నెలల క్రితమే ఆగిపోయిందని దొంగతనం అయ్యాక తెలిసిన షాపులు బోలెడు.

యూపీఎస్ ఎన్‌వీఆర్‌కి పెట్టి రౌటర్‌ని మర్చిపోతారు. ఎన్‌వీఆర్, పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ వైరులోనే కెమెరాలకి కరెంటు పంపే పెట్టె), రౌటర్, ఫైబర్ పెట్టె, నాలుగూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి, లేకపోతే మెయిన్ స్విచ్ దించినవాడికి దారి క్లియర్ అయినట్టే. నెట్ మొత్తం పోతే ఎన్‌వీఆర్ తనంతట తాను చెప్పలేదు, బయటినుంచి ఎవరో అడగాలి. యాప్‌లో డివైస్ ఆఫ్‌లైన్ నోటిఫికేషన్ ఉంటే అది ఆన్ చేయండి, లేదంటే రోజూ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి లైవ్ తెరిచి చూడటం అలవాటు చేసుకోండి.

పాస్‌వర్డ్ సంగతి మళ్లీ చెప్పక తప్పదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ప్రపంచవ్యాప్తంగా లక్షల కొద్దీ పరికరాల్ని లొంగదీసుకుంది, అందులో ఎక్కువ భాగం ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలూ డీవీఆర్‌లే. పాస్‌వర్డ్ మార్చండి, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ (బయటి నెట్ నుంచి మీ కెమెరాలకి నేరుగా తలుపులు తెరిచే సెట్టింగులు) ఆపేయండి, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. మీ అలారాన్ని మీకంటే ముందు ఇంకొకడు డిసార్మ్ చేసే పరిస్థితి రాకూడదు.

చివరగా టెస్టింగ్, పగలు కాదు, రాత్రి. షాపు మూశాక ఇరుగుపొరుగుకి చెప్పి, ఒకరిని వెనక గోడ దగ్గరకి పంపండి. ఒకసారి మామూలుగా నడిచి, ఒకసారి వంగి, ఒకసారి దుప్పటి కప్పుకుని, ఒకసారి గొడుగు పట్టుకుని దాటమనండి. మీరు ఇంట్లో మంచం మీద ఫోన్ పక్కన పెట్టుకుని టైం చూసుకోండి. లైటు రెండు మూడు సెకన్లలో వెలగాలి, నోటిఫికేషన్ ఇంచుమించు 10 సెకన్లలో రావాలి, డయలర్ కాల్ అర నిమిషంలో. నోటిఫికేషన్ నిమిషం ఆలస్యమైతే ముందు ఫోన్ బ్యాటరీ సెట్టింగ్ చూడండి, తర్వాత షాపు నెట్ అప్‌లోడ్ స్పీడు చూడండి. దుప్పటి కప్పుకున్నవాడిని వదిలేస్తే సెన్సిటివిటీ ఒక మెట్టు పెంచి మళ్లీ నడిపించండి. మెయిన్ స్విచ్ దించి ఇంకోసారి, రౌటర్ వైరు పీకి ఇంకోసారి. వర్షాలు మొదలయ్యాక, గోడౌన్‌లో బస్తాల వరసలు మారాక ఇదంతా మళ్లీ చేయాలి, ఎందుకంటే మీరు గీసిన గీతకి అడ్డంగా అప్పటికి యూరియా బస్తాలు నిలబడి ఉంటాయి.